మూడు డాలర్ల టై

అమెరికాలో పాత బట్టల దుకాణాల్లో మెడకు కట్టుకునే టైలు గుట్టలుగా దొరుకుతాయి. పట్టువి, ముచ్చటైనవి, కాఫీ ఖరీదుకే. కెరీర్ ఫెయిర్‌కి టై లేని తమ్ముడితో కలిసి బోస్టన్‌లో రెండు రోజులు వాటికోసమే తిరిగితే...

'అన్నా, నీకు టై కట్టడం వచ్చా?'

బోస్టన్ లోగన్ విమానాశ్రయంలో దిగి పెట్టె కోసం నిలబడి ఉంటే మా తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న ఇది. ప్రయాణం ఎలా జరిగింది, అమ్మ పంపిన గోంగూర పచ్చడి భద్రంగా వచ్చిందా... ఇవేవీ కాదు. నాకు రాదు. ఇంటర్‌లో మా కాలేజీవాళ్లు కట్టించిన టైకి ముడి ముందే వేసి ఉండేది. ఎలాస్టిక్ తగిలించుకోవడమే. ఆ మాటే చెప్పాను. వాడి ముఖం ఇంతయిపోయింది.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. చీరాల పక్కన వేటపాలెం కుర్రాడు. ఇక్కడ హంటింగ్టన్ అవెన్యూలోని యూనివర్సిటీలో ఎంఎస్ చివరి సెమిస్టరు చదువుతున్నాడు. న్యూజెర్సీలో బంధువుల పెళ్లికి వచ్చిన నేను, పనిలో పనిగా వాణ్ని చూసి వెళదామని నాలుగు రోజులు బోస్టన్‌లో ఆగాను. సరిగ్గా నాలుగోరోజే వాళ్ల కాలేజీలో కెరీర్ ఫెయిర్. మన భాషలో చెప్పాలంటే ఉద్యోగాల తిరునాళ్లు. కంపెనీలు బల్లలు వేసుక్కూర్చుంటాయి, పిల్లలు రెజ్యూమేలు పట్టుకుని వరసలో నిలబడతారు. సూటు, టై ఉంటే మంచిదని సీనియర్లు చెప్పారట. సూటు ఉంది, అక్క పెళ్లికి కుట్టించింది. టై లేదు.

'కొనుక్కోరా, టై ఎంతుంటుంది?' అన్నాను. మాల్‌లో వాడికి నచ్చింది 60 డాలర్లట. 'రెండు వారాల కూరగాయలన్నా!' అన్నాడు. వాడి లెక్కలు వాడికున్నాయి. ఇంటి కాగితాలు పెట్టి తీసుకున్న అప్పు 38 లక్షలు. చదువయ్యాక ఓపీటీ మీద పనిచేసుకోవచ్చుగానీ ఆ తొలి ఏడాదిలో ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం కలిపి 90 రోజులే. ఆ 90 అంకె వాడి గదిలో గోడమీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. అలాంటివాడికి మెడలో వేలాడే గుడ్డపేలికకి 60 డాలర్లంటే కడుపు మండదూ?

'రూమ్మేట్ గుడ్‌విల్‌కి వెళ్లమన్నాడు. అక్కడ మూడు డాలర్లకు దొరుకుతాయట. కానీ...' అని ఆగాడు. 'అమ్మకి చెప్పకు.'

స్టీలు సామాన్లావిడ లేని ఊరు

ఎందుకు చెప్పొద్దన్నాడో మీకూ తెలుసు. మన ఇళ్లలో అన్న చొక్కా తమ్ముడు వేసుకోవడం మామూలే. పెద్దమ్మ కూతురి లంగా చిన్నమ్మ కూతురికి రావడమూ మామూలే. కానీ ఊరూ పేరూ తెలియనివాళ్లు విడిచిన బట్టలా? అందులోనూ పోయినవాళ్లవైతే ఇంకేమైనా ఉందా? పాత చీరలూ ప్యాంట్లూ మూటగట్టి వీధిలోకొచ్చే స్టీలు సామాన్లావిడకి వేసి, బేరమాడి, ఓ గిన్నో పళ్లెమో తీసుకుంటాం. ఆ తర్వాత ఆ మూట ఎక్కడికి పోతుందో, ఎవరు ఉతికి ఇస్త్రీచేసి ఏ సంతలో అమ్ముతారో, ఎవరు కొంటారో అడగం. కొనేవాళ్లలో మనం ఉండమన్నదే ధీమా.

అమెరికాలో స్టీలు సామాన్లావిడ లేదు. ఆ పని గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ లాంటి సంస్థలు చేస్తాయి. బట్టలు, పుస్తకాలు, కుర్చీలు, కప్పులు ఏదైనా ఉచితంగా ఇచ్చేయొచ్చు. వాళ్లు ఏరి, ధర వేసి, దుకాణాల్లో అమ్మి, వచ్చిన డబ్బుని సేవా కార్యక్రమాలకు వాడతారు. వీటినే థ్రిఫ్ట్ స్టోర్స్ అంటారు. చిత్రమేమిటంటే గుడ్‌విల్ పుట్టిందే ఈ బోస్టన్‌లో. 1902లో ఎడ్గార్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టర్ గోనెసంచులు పట్టుకుని డబ్బున్నవాళ్ల ఇళ్లకు తిరిగి పాత సామాన్లు పోగేశాడు. తన పేటలో పనిలేనివాళ్ల చేతనే వాటిని బాగుచేయించి, చవగ్గా అమ్మించి, కూలి ఇచ్చాడు. ఊరికే పెట్టడం కాదు, పని ఇవ్వడం ఆయన పద్ధతి.

మర్నాడు పొద్దున్నే రగ్గిల్స్ స్టేషన్ దగ్గర్నుంచి నడక మొదలుపెట్టాం. ఫిబ్రవరి. మంచు కురిసి రెండు రోజులైంది. పేవ్‌మెంట్ల మీద చల్లిన ఉప్పు బూట్ల కింద కరకరలాడుతోంది. మెల్నియా కాస్ బులెవార్డ్ మీదుగా నడిచి హారిసన్ అవెన్యూలోని గుడ్‌విల్ చేరేసరికి నా చెవులు నాకు లేవు.

లోపల అడుగుపెడితే ముందు తగిలేది వాసన. మురికి కంపు కాదు. పాత బీరువా తలుపు తీస్తే వచ్చే వాసన. సూపర్‌మార్కెట్టంత హాలు. చొక్కాలు రంగులవారీగా వేలాడుతున్నాయి. బండి తోసుకుంటూ నడివయసు ఆడవాళ్లు, స్కూలు పిల్లలు, నిర్మాణ పనుల బూట్లేసుకున్న మగాళ్లు. ఎవరూ తలదించుకుని లేరు. మా వాడొక్కడే జర్కిన్ టోపీ కిందికి లాక్కుని, కాలేజీవాళ్లెవరైనా కనిపిస్తారేమోనని దిక్కులు చూస్తున్నాడు. కనిపించారు కూడా. ఇద్దరు తెలుగమ్మాయిలు ప్రెషర్ కుక్కర్ కోసం వెతుకుతూ ఎదురయ్యారు. 'హాయ్' అనుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆ తర్వాత టోపీ తీసేశాడు.

టైలు ఓ మూలన, గుండ్రటి స్టాండుకి, అమ్మవారి జాతరలో రిబ్బన్ల దుకాణంలా. తక్కువలో తక్కువ రెండొందలు ఉంటాయి. ఇన్నెందుకొచ్చాయి? ఎవరూ కట్టుకోవడం లేదు కాబట్టి! ఆఫీసుల్లో శుక్రవారం మామూలు బట్టలతో రావచ్చని తొంభైల్లో మొదలైన సడలింపు మెల్లగా మిగతా వారాలకీ పాకింది. 2007లో గ్యాలప్ సంస్థ అడిగితే రోజూ టై కట్టుకుంటామన్న మగాళ్లు ఆరు శాతమే. 2008లో అక్కడి టై తయారీదారుల సంఘమే మూతపడింది. 2019లో గోల్డ్‌మన్ శాక్స్ లాంటి బ్యాంకు కూడా సూటు తప్పనిసరి కాదనేసింది. తర్వాతి ఏడాది కొవిడ్ వచ్చి మిగిలినవాళ్లనూ ఇంట్లో కూర్చోబెట్టింది. అలా మూడు తరాల మగాళ్ల బీరువాల్లోంచి టైలన్నీ ఇటు నడిచొచ్చాయి. కొన్ని ఇష్టపడి వదిలినవి. కొన్ని వాటి యజమానులు పోయాక పిల్లలు అట్టపెట్టెల్లో తెచ్చి దించినవి. ఏది ఏదో స్టాండు మీద రాసి ఉండదు.

పెద్దాయన పాఠం

మాకు దారి చూపినవాడు ఓ డెబ్బై దాటిన నల్లజాతి పెద్దాయన. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాడట. బూడిదరంగు కోటు, మెరూన్ టై, తలమీద టోపీ. ప్రతి మంగళవారం వస్తాడట, టైల కోసమే. మా వాడు బొమ్మలున్న ఓ పచ్చటి టై పట్టుకుని ఆలోచిస్తుంటే 'ఇంటర్వ్యూకా, పుట్టినరోజుకా?' అని అడిగాడు. ఇంటర్వ్యూకనగానే ఆ టై తీసి స్టాండుకి తగిలించేశాడు.

ఆయన చెప్పినవి కొన్ని, ఆ తర్వాత మేం చూసి తెలుసుకున్నవి కొన్ని... టైల వయసు చెప్పేది ముందుగా వెడల్పే. అడుగున బాగా వెడల్పున్నచోట కొలవాలి. నాలుగంగుళాలు దాటి, పొడవు పొట్టిగా, పెద్దపెద్ద పూలో ఆకులో ఉంటే 1940ల నాటిది కావచ్చు. అప్పట్లో ప్యాంట్లు బొడ్డుమీదికి ఉండేవి కాబట్టి టైకి అంత పొడవు అక్కర్లేదు. పైగా యుద్ధకాలంలో పట్టు పారాచూట్లకు పోయి టైలకు రేయాన్ మిగిలింది. రెండు, రెండున్నర అంగుళాలకు చిక్కిపోతే 50ల చివర, 60ల మొదలు. అరవైల్లోనే లండన్‌లో మైకేల్ ఫిష్ 'కిప్పర్' టైలని మళ్లీ వెడల్పు చేశాడు. డెబ్బైల్లో ఐదంగుళాల పాలియెస్టర్ టైలు రాజ్యమేలాయి. మన పాత సినిమాల్లో హీరోల మెడలో చూసే ఉంటారు. తొంభైల్లోవి నాలుగంగుళాలకు అటూఇటూ. ఇప్పుడు కట్టుకుంటే ఎబ్బెట్టుగా ఉండనివి మూడు, మూడుంపావు అంగుళాలవి. అవి ఎక్కువగా ఎనభైల సరుకు.

రెండోది చెయ్యి. పట్టు తాకగానే చల్లగా ఉంటుంది. రెండువేళ్ల మధ్య నలిపితే సన్నగా కరకరమంటుంది. పాలియెస్టర్ జారుతుంది తప్ప మాట్లాడదు. పట్టుచీర కొనే మన ఆడవాళ్లకి ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. మూడోది కుట్టు. టైని సన్నటి కొసతో పట్టుకుని వేలాడదీస్తే తిన్నగా నిలవాలి. గింగిరాలు తిరిగిందా, గుడ్డని సరిగ్గా ఏటవాలుగా కోయలేదన్నమాట. ఆ ఏటవాలు కోతే టైకి ప్రాణం. న్యూయార్కు టైల తయారీదారు జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ 1920ల్లో కనిపెట్టాడు. గుడ్డని మూలకోణంలో మూడు ముక్కలుగా కోసి అతికితే ముడి విప్పగానే రబ్బరులా తన ఆకారానికి వచ్చేస్తుంది. అంతకుముందు టైలు నాలుగుసార్లు కడితే మెలితిరిగిపోయేవట. వెనకవైపు మడతలో చిన్న దారపు ఉచ్చు ఒకటి వదులుగా కనిపిస్తుంది. అది ఊడిపోయిందని కొందరు కత్తిరించేస్తారు. పాపం, టై మొత్తాన్ని పట్టి ఉంచే దారం అదే!

ఇక మరకలు. ముడి పడేచోట జిడ్డు, కొసన సూపు మరక... రెండూ కిటికీ వెలుగులో చూసుకోవాలి. పట్టు మీద నీటిమరక కూడా పోదు. డ్రైక్లీనింగ్‌కి ఇస్తే టై ఖరీదుకు రెండింతలవుతుంది. ముడతలే అయితే వేణ్నీళ్ల ఆవిరి పట్టిన బాత్రూమ్‌లో రాత్రంతా వేలాడదీస్తే చాలు. ఇస్త్రీపెట్టె మాత్రం పెట్టకూడదు.

గంటసేపు తిరగేస్తే మావాడికి దొరికింది... నేవీ బ్లూ మీద సన్నటి వెండిరంగు చారలు, గరుకుగా నేసిన పట్టు. వెనక బ్రూక్స్ బ్రదర్స్ చీటీ. 1818లో మొదలైన కంపెనీ. కొత్తదైతే 80 డాలర్ల పైమాటే. న్యూయార్క్‌లో లాంగ్ ఐలాండ్ సిటీలో వాళ్ల టై ఫ్యాక్టరీ ఉండేది. కంపెనీ దివాలా తీసిన 2020లో అదీ మూతపడింది. 'చారలు ఎటు దిగుతున్నాయో చూడు' అన్నాడు పెద్దాయన. కట్టుకున్నవాడి కుడి భుజం నుంచి ఎడమకి. ఇంగ్లండులో దీనికి రివర్సు. అక్కడ చారల టై అంటే ఏ రెజిమెంటు, ఏ స్కూలు, ఏ క్లబ్బు అని చెప్పే గుర్తింపుకార్డు లాంటిది. సభ్యుడు కానివాడు కట్టుకుంటే నవ్వుతారు, కొందరు కోప్పడతారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రూక్స్ బ్రదర్స్ చారల దిశ తిప్పేసి, ఎవరైనా కట్టుకోవచ్చు పొమ్మంది. ఎవరి మనవడైనా, ఏ ఊరివాడైనా. ఆ మాట మావాడికి బాగా నచ్చింది.

ధర మూడు డాలర్ల చిల్లర. అద్దం ముందు నిలబెట్టి ముడి వేయడం కూడా పెద్దాయనే నేర్పాడు. తాను వేయలేదు. పక్కన నిలబడి, తన టై విప్పేసి, మళ్లీ కడుతూ చూపించాడు. ఐదోసారికి కుదిరింది. 'రాత్రి విప్పేసి పెట్టు. ముడితో వదిలేస్తే గుడ్డ చచ్చిపోతుంది' అని హెచ్చరించి, తన బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

కేంబ్రిడ్జిలో గుట్ట

పని అయిపోయింది. కానీ నాకు పిచ్చి పట్టుకుంది. ఇంకోటి చూద్దామన్నాను. చార్లెస్ నది దాటితే కేంబ్రిడ్జి. ఎంఐటీకి కూతవేటు దూరంలో, బ్రాడ్‌వే మీద గార్మెంట్ డిస్ట్రిక్ట్ అనే దుకాణం ఉంది. పైన పాతకాలపు బట్టలు దశాబ్దాలవారీగా వేలాడుతుంటాయి. అసలు వింత కింది అంతస్తులో. బేళ్లు విప్పి బట్టల్ని నేలమీద గుట్టగా పోసేస్తారు. జనం మోకాళ్ల మీద కూర్చుని ఏరుకోవడమే. తూకానికి అమ్మకం. పౌండు కొద్ది డాలర్లే. పౌండంటే 454 గ్రాములు. టై ఒక్కోటి యాభై, అరవై గ్రాములుంటుంది. లెక్కేసుకోండి, పౌండుకి ఏడెనిమిది టైలు! ఈ ఊళ్లో ఇది కొత్త వ్యాపారం కూడా కాదు. 1895లోనే మ్యాక్స్ కీజర్ అనే ఆయన చేతిఖర్చులకు కటకటలాడే హార్వర్డ్ కలవారి పిల్లల దగ్గర సూట్లు కొని, లేనివాళ్లకు అమ్మడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున వెళ్లాం. నేనూ మావాడూ ఆ గుట్టలో మిరపకాయలు ఏరే కూలీల్లా దిగాం. అరగంటకి నా చేతికి ఓ నూలు టై తగిలింది. సన్నగా, రెండున్నర అంగుళాలు. ఎరుపు, నీలం, పసుపు గళ్లు. రంగులు ఒకదానిలోకి ఒకటి కొద్దిగా కారి, అంచులు మెత్తబడి ఉన్నాయి. వెనక చీటీ మీద 'ఇండియా మద్రాస్, హ్యాండ్‌వోవెన్' అని ఉంది.

దీని కథ తెలుసుకోవాల్సిందే. 1958లో విలియం జాకబ్‌సన్ అనే అమెరికా వ్యాపారి మద్రాసు వచ్చి, తర్వాత లీలా హోటళ్లతో పేరుపొందిన కెప్టెన్ సి.పి.కృష్ణన్ నాయర్ దగ్గర గళ్ల చేనేత గుడ్డ కొన్నాడు. చన్నీళ్లలో జాగ్రత్తగా ఉతకాలని నాయర్ చెప్పాడు. ఆ జాగ్రత్త చెప్పకుండానే గుడ్డ బ్రూక్స్ బ్రదర్స్‌కి చేరింది, చొక్కాలయింది. ఉతికితే రంగు కారి పక్క బట్టలకంటుకుంది. గొడవైంది. ఆఖరికి ఆ లోపాన్నే గొప్పగా మార్చి 'రంగు కారడం గ్యారంటీ' అని ప్రచారం చేశారు. అంతే, అరవైల్లో అమెరికా కాలేజీ కుర్రాళ్లంతా వేసవిలో మద్రాసు గళ్లలోనే తిరిగారు. చొక్కాలు, కోట్లు, ఇదిగో ఇలా టైలు.

మావాడు దాన్ని తీసుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'తాతయ్యకి ఫోన్ చేద్దామా' అన్నాడు.

వాళ్ల తాతయ్య మగ్గం మనిషి. చీరాల, వేటపాలెం చుట్టుపక్కల ఒకప్పుడు ఆఫ్రికాకి ఎగుమతయ్యే గళ్ల రుమాళ్లు నేసేవారు. 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అని పేరు. పేరుకు మద్రాసుగానీ నేత మనది. ఎనిమిది గజాల పీసులుగా వెళ్లేవి. నైజీరియాలో కలబారీ ప్రజలు వాటిని 'ఇంజిరీ' అంటారు. పుట్టుకకీ చావుకీ ఆ గుడ్డే ఉండాలి వాళ్లకి. తాతయ్య వయసులో ఉండగా అవే నేశాడు. ఆ పని తగ్గాక చీరలకు మారాడు. బాబాయి మగ్గం ఎక్కనే లేదు.

వేటపాలెంలో అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. ఫోన్ పిన్ని ఎత్తింది. వెనక గుట్ట కనపడనే కనపడింది. 'ఏందిరా అది? ఆ బట్టలేంది? ఎక్కడున్నారు మీరు?' దాచడానికి లేకపోయింది. నేవీ బ్లూ టై సంగతీ చెప్పేశాం. పిన్ని కొంచెంసేపు ఏమీ అనలేదు. 'ఎవరు పోయినోళ్లదో... మూడువేలో నాలుగువేలో నేను పంపేదాన్ని గదరా' అంది. ఆ గొంతు విన్నాక నాకు టైలమీద సరదా కాస్త దిగిపోయింది. ఆవిడకి అసహ్యం కాదు. కొడుకు అంత ఇబ్బందిలో ఉన్నాడా అని.

ఇంతలో తాతయ్య ఫోన్ అందుకున్నాడు. టై చూపించాం. కళ్లజోడు పెట్టుకుని 'లోపలివైపు చూపించు' అన్నాడు. మావాడు వెనక కుట్టు సందులో వేలు పెట్టి కాస్త తెరిచాడు. 'రెండువైపులా గళ్లు ఒకేలా ఉన్నాయా? ఆఁ... అద్దకం కాదు. నూలుకే రంగేసి నేశారు. పేకపోగు చూడు, ఓ చోట లావు, ఓ చోట సన్నం. మగ్గం గుడ్డే' అన్నాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నకి నవ్వాగలేదు. 'అంత సన్నగా చించి మెళ్లో కట్టుకున్నారా? దేనికి?'

ఆ గళ్ల టై తూకం వేస్తే పావలా డాలరు కూడా కాలేదు. పక్కనున్న అమ్మాయి 'ఊరికే తీసుకెళ్లండి' అన్నట్టు చూసింది. డబ్బిచ్చే తెచ్చుకున్నాం.

మద్రాసు గళ్లు ఎండాకాలపు సరుకు, ఇంటర్వ్యూకి నప్పవు. కెరీర్ ఫెయిర్‌కి నేవీ బ్లూ టైతోనే వెళ్లాడు. అద్దం ముందు ఏడుసార్లు కట్టి విప్పాడు. సాయంత్రం వచ్చాక అడిగితే ఇరవై రెండు బల్లల దగ్గర నిలబడ్డాడట. పద్దెనిమిదిచోట్ల వెబ్‌సైటులో అప్లై చేయమన్నారట. ఇద్దరు మాత్రం కూర్చోబెట్టి మాట్లాడారు. వాళ్లలో ఒకాయన టై బాగుందన్నాడని రెండుసార్లు చెప్పాడు.

గళ్ల టై నా పెట్టెలో ఇండియా వచ్చింది. మొన్న వేటపాలెం వెళ్లి తాతయ్య చేతిలో పెట్టాను. ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పటి రుమాళ్లకి రంగూ గంజీ కలిసి ఓ వాసన ఉండేదట. కళ్లు మూసుకుని వాసన చూసే కొనేవాళ్లట ఆఫ్రికా వాళ్లు. 'ఆ వాసనేం లేదు, సబ్బు వాసనొస్తంది' అన్నాడు. నేను చూస్తుండగానే వెనకనున్న దారపు ఉచ్చు దొరకబుచ్చుకుని లాగేశాడు. ఒక్క దారం, సర్రున వచ్చేసింది. టై మొత్తం విచ్చుకుని మంచంమీద పరుచుకుంది. గళ్లన్నీ మూలకోణంలో వంకరగా.

తాతయ్యకి కోపమొచ్చింది. 'పడుగూ పేకా తిన్నగా కుదరాలని మేం చచ్చేవాళ్లం. వీళ్లు ఏటవాలుగా కోశారేందిరా? ఎంత గుడ్డ తగలేశారు!' లాంగ్స్‌డార్ఫ్ గురించి, రబ్బరులా సాగడం గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. రెండుచేతులతో పట్టుకుని ఏటవాలుగా లాగి చూశాడు. సాగింది. వదిలాడు. మళ్లీ లాగాడు. 'ఊఁ' అన్నాడు.

పిన్ని అప్పటిదాకా దాన్ని తాకలేదు. చీకటిపడ్డాక సూదీ దారం తెచ్చుకుని దీపం కింద కూర్చుంది. పాత మడతల గీతలు ఉన్నాయి కదా, వాటివెంటే కుట్టుకుంటూ పోయింది.

బోస్టన్‌లో ఆ ఇద్దరిలో ఒకరు కాదన్నారు. రెండో కంపెనీవాళ్లు మళ్లీ పిలిచారు, వచ్చే మంగళవారం, వీడియోలో. టై కట్టుకుంటావా అంటే కట్టుకునే ఉన్నానన్నాడు. మళ్లీ కుదరదేమోనని ఫెయిర్ నాటి ముడి విప్పలేదట.